పచ్చకన్ను ముందు అత్త గిటారు

ఈ ఎండాకాలం మా మనవరాలికి కొత్త పిచ్చి ఒకటి పట్టుకుంది. గిటారు వాయించి ఇంట్లోనే రికార్డు చేసుకుంటోంది. దానికోసం మిట్టమధ్యాహ్నం పూట, కడపలో మే నెల మధ్యాహ్నమంటే ఏమిటో తెలిసినవాళ్ళు నా మీద జాలిపడక మానరు, ఫ్యాను ఆపేస్తుంది, కిటికీలు మూసేస్తుంది, ఫ్రిజ్జు ప్లగ్గు కూడా పీకేసి, నన్ను మంచం మీద కదలకుండా కూర్చోమంటుంది. మొన్న ఆదివారం కంప్యూటరు తెర మీద పచ్చగా ఎగిరే గీత ఎర్రబడినప్పుడల్లా నాలుక కరుచుకొని మళ్ళీ మొదటికి రావడం చూసి చూసి, నేను ఉండబట్టలేక, మెల్లగా వాయించి లెవెలు పెట్టుకుంటే ఎట్లా తల్లీ, ముందు గట్టిగా పలికే చోటు వాయించి చూసుకో, దాని మీద ఇంకాస్త జాగా వదులు అన్నాను. గోడ మాట్లాడినట్టు చూసింది పిల్ల. అవ్వకు బైబిలులో ఏ వచనం ఎక్కడుందో తెలుసుగానీ రికార్డింగు సంగతి తెలుస్తుందని దానికెవరు చెప్పారు?

నా ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కర్నూలు మనకు రాజధానిగా ఉండిన ఆ కొద్ది ఏళ్ళ ముచ్చట ఇది. రేడియో ఉన్న ఇల్లు వీధికి ఒకటుంటే గొప్ప, ఇక మన గొంతు మనకే తిరిగి వినిపించే యంత్రం ఉందంటే నమ్మనివాళ్ళే ఎక్కువ. అటువంటి కాలంలో మా ఇంటి నడవలో గోడలకు బొంతలు కట్టి, ఒక గిటారును టేపు మీదికి ఎక్కించే పని నా చేతుల మీదుగా జరిగింది. అప్పుడు నేను క్రైస్తవ మిషను బడిలో పంతులమ్మగా కొత్తగా చేరాను, నాకు తెలియనిది లోకంలో లేదనుకునే వయసు.

గిటారు మా మేనత్తది. మా నాయనకూ పెదనాయనకూ ఆమె ఒక్కతే చెల్లెలు. కోలారు బంగారు గనుల్లో పనిచేసే ఆయనకు ఇచ్చి పెళ్ళిచేశారు. అక్కడ గనిలో మామకు పైవాడైన ఆంగ్లో ఇండియన్ ఒకాయన గిటారు వాయించేవాడట, ఆయన దగ్గర మామ చూసి చూసి నేర్చుకుంటే, పోనీలే పాపమని తన పాతదాన్ని ఈయనకు ఇచ్చాడట. మామ పని దిగి వచ్చి వేణ్ణీళ్ళు పోసుకొని గడప దగ్గర కూర్చొని వాయించేవాడనీ, అత్త పక్కన గోడకు ఆనుకొని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని వింటూ ఉండేదనీ అమ్మ చెప్పేది. ఎప్పుడూ ఏదో ఒక పనిలో ఉండే ఆమె చేతులు రోజు మొత్తంలో ఊరికే ఉన్నది ఆ కాసేపేనట. పెళ్ళయిన కొన్నేళ్ళకే మామ జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ఒక ట్రంకు పెట్టె, ఆ గిటారు తెచ్చుకొని అత్త కడపకు మా ఇంటికి వచ్చేసింది. నాకు జ్ఞానం వచ్చేటప్పటికే ఆమె మా ఇంట్లో మనిషి.

మామ బతికుండగా ఆమె తీగె ముట్టుకొని ఎరగదు. ఆయన పోయిన తరువాత, ఆయన వేళ్ళు ఎక్కడెక్కడ పడేవో కళ్ళు మూసుకొని గుర్తుచేసుకుంటూ, ఒక్కొక్క చోటే వెతుక్కుంటూ నేర్చుకుంది. ఆయన ఎక్కువగా వాయించింది ఒక పాత కీర్తన. మా దేవాలయంలో పసిపిల్ల నుంచి ముసలమ్మ దాకా అందరికీ కంఠతా వచ్చినదే. కానీ ఆయన దాన్ని తనకు తోచినట్టు నిదానంగా, పాట లేకుండా వాయించేవాడట, చివరి పాదానికి ముందు చెయ్యి తీసి కొంచేపు ఆగి, అప్పుడు ముగించేవాడట. అత్త కూడా అచ్చం అట్లాగే పొద్దుగూకే వేళ, పనులన్నీ అయ్యాక, పెరటి గడపలో కూర్చొని వాయించుకునేది. మేమెవరమూ పట్టించుకునేవాళ్ళం కాదు. రోజూ ఇంట్లో వినబడేదాన్ని ఎవరు వింటారు చెప్పండి.

నేను బడిలో చేరిన ఏడాదే ఆమె వేళ్ళకు కీళ్ళవాతం పట్టుకుంది. కణుపులు ఉబ్బి, పొద్దున లేస్తే పిడికిలి బిగిసేది కాదు. కీర్తన ఒకసారి పూర్తిగా వాయిస్తే రెండో సారికి వేళ్ళు మొరాయించేవి, మూడో సారి మాటే లేదు. ఇంక ఎన్నాళ్ళో ఆ వాయిద్యం లేదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

ఆ సమయంలోనే మా పెదనాయనకు టేపు రికార్డరు చిక్కింది. ఆయన సువార్తికుడు, మిషనువాళ్ళ వ్యానులో కమలాపురం పక్క ఊళ్ళన్నీ తిరిగేవాడు. దొరగారు తెప్పించిన ఆ యంత్రంలోకి ప్రసంగాలు ఎక్కించి ఊళ్ళలో వినిపించే పని ఆయనకు పెట్టారు. నిజానికి మా పెదనాయన గొంతుకు యంత్రం దండగ, ఆయన కడపలో నిలబడి ప్రార్థన చేస్తే గండికోటలో ఆమెన్ అనాలి. ఆ యంత్రానికి ముందుపక్క ఒక చిన్న గాజు కన్ను ఉండేది, అందులో పచ్చటి వెలుగు రెండు రెక్కలుగా విచ్చుకొని ఉండేది. శబ్దం పెరిగేకొద్దీ ఆ రెక్కలు దగ్గరకు వస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కాయంటే టేపు మీద గొంతు చీలిపోతుంది. మరీ దూరంగా ఉంచామా, మనిషి మాటకంటే టేపు బుసే ఎక్కువ వినబడుతుంది. పెదనాయనకు చత్వారం వల్ల ఆ కన్ను కనబడేది కాదు, లావు వేళ్ళ వల్ల శబ్దం పెంచి దించే నాబు కొంచెం తిప్పబోతే గిర్రున తిరిగేది. అందుకని వారంవారం ఆయన ప్రసంగాలు ఎక్కించేటప్పుడు నాబు దగ్గర నేను కూర్చునేదాన్ని. ఆయన నాకు నేర్పిన పాఠం ఒకటే: "పాలు పొంగి అంచు దాకా రావాల, పొయ్యిలో మాత్రం పడగూడదు, అంతే అమ్మీ."

ఒక ఆదివారం ఆయన ప్రసంగం ఆయనకే వినిపిస్తుంటే అత్త తలుపు దగ్గర నిలబడి చూసింది. సాయంత్రం నా దగ్గరకొచ్చి, గిటారు కూడా అందులోకి ఎక్కుతుందా అని మెల్లగా అడిగింది. ఎక్కుతుందిగానీ ఆ టేపు మనది కాదు, మళ్ళీ దాని మీద ప్రసంగాలే ఎక్కిస్తారు, దాచుకోవడానికి ఉండదు అన్నాను. ఆమె నవ్వి, దాచుకునేదానికి కాదంది. "వాయించేటప్పుడు చేతులు పనిలో ఉంటాయి గదమ్మీ, ఇంక ఇనేది యాడ? ఒక్కసారి ఊరికే కూచోని ఇనాల. ఆయన వాయిస్తాంటే ఇన్నట్ల." ఆమె నన్ను నోరు తెరిచి అడిగింది జీవితంలో అదొక్కటే.

తరువాతి ఆదివారానికి ముహూర్తం పెట్టుకున్నాం. ఆదివారమే ఎందుకంటే మా వీధి చివర చెనిక్కాయల మిల్లు ఆ రోజు ఆడదు. మిల్లు ఆడితే మా ఇంట్లో దీపాలు కునుకుతాయి, దాంతో పాటు టేపు చక్రమూ నీరసపడి రాగం సాగిపోతుంది. ఆరాధన అయ్యాక, భోజనాలయ్యాక, సాయంకాలం పెదనాయన యంత్రంతో సహా ఊళ్ళకు బయలుదేరేలోగా పని ముగించాలి. మా నడవ మొత్తం కడప బండలే, కింద బండ, గోడకు బండ, చిటికె వేస్తే నాలుగు చిటికెలు వినబడతాయి. అందుకని అమ్మ ఇంట్లో ఉన్న బొంతలన్నీ తీసి గోడలకు వేలాడదీసింది. మైకును మొదట గిటారు పొట్ట మీది గుండ్రటి రంధ్రానికి ఎదురుగా పెట్టాను, కడవలో మాట్లాడినట్టు గుమ్మని మోగింది. పక్కకు జరిపి, ఎడమ చెయ్యి తీగలు నొక్కే చోటికి దగ్గరగా పెడితే అప్పుడు తీగె తీగెలాగా పలికింది. ఇదేదో విద్య తెలిసి చేశానని అనుకోకండి, దోసె పెనం మీద ఎక్కడ కాలుతుందో వెతికినట్టు వెతికాను.

ఇంతకూ విషయమేమంటే, మిషను ఇళ్ళలో ఏదీ రహస్యంగా జరగదు. ఫలానావాళ్ళింట్లో గిటారు యంత్రంలోకి ఎక్కిస్తున్నారంటే భోజనాలు ముగించుకొని వరుసగా అందరూ వచ్చారు, అరుగు నిండింది, నడవ సగం నిండింది. పెదనాయన నడుమ నిలబడి, ఎవరైనా దగ్గినా తుమ్మినా తన చేతిలో అయిపోతారని ముందే కట్టడి చేశాడు. అత్త సిగ్గుతో ముడుచుకుపోయి, లెవెలు చూసుకోవడానికి వాయించమంటే ఈగ వాలినట్టు తీగె తాకింది. నేను నాబు పైకి తిప్పాను. అసలు వాయిద్యం మొదలయ్యాక చెయ్యి వేడెక్కి, ఒత్తు పెరిగి, పచ్చటి రెక్కలు దగ్గరకు రావడం మొదలుపెట్టాయి. నేను ఒక్కొక్క వెంట్రుకవాసి నాబు దించుకుంటూ వచ్చాను. ఎక్కడా మూసుకోనియ్యలేదు, నా ప్రతాపానికి నేనే మురిసిపోతున్నాను.

రెండో చరణం ఎత్తుకునే చోట గొంతొకటి లేచింది. ఎవరిదనుకున్నారు, అందరికీ కట్టడి చేసిన మా పెదనాయనదే. కళ్ళు మూసుకొని, చెయ్యి పైకెత్తి, ఉన్న గొంతంతా విప్పేశాడు. ఆయన అందుకున్నాక ఇంక ఎవరు ఆగుతారు, వంటింట్లోంచి అమ్మ, అరుగు మీదినుంచి పక్కింటి పెద్దమ్మ, నడవలో మగవాళ్ళు కింది శ్రుతిలో, ఆడపిల్లలు పై శ్రుతిలో, దేవాలయమే లేచి మా ఇంటికి వచ్చింది. నా పచ్చకన్ను గట్టిగా మూసుకుపోయింది, నాబు ఎంత దించినా తెరవలేదు. పోనీ అక్కడితో ఆపారా అంటే, కీర్తన మొదలుపెట్టి నడుమ వదిలేయడం మావాళ్ళలో లేదు, విస్తరి ముందు కూర్చున్న మనిషిని సగంలో లేపినట్టే లెక్క. చరణాలన్నీ పాడారు. అత్త కూడా, పాపం, ఆ వేళ్ళతోనే అందరి వెంటా చివరిదాకా వాయించింది. ముగిశాక అప్పుడు తెలిసింది ఒక్కొక్కరికీ తామేమి చేశారో.

పెదనాయన ముఖం చూడాలి. "పాట మొదలైతే నోరు మూసుకోని కూచునేదానికి మనమేమన్నా బండలమా?" అని గొణిగాడుగానీ ఆ గొణుగుడులో పస లేదు. టేపు వెనక్కి తిప్పి వింటే గిటారు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది, మిగిలినదంతా చీలిపోయిన కేక.  అత్త ఒక చేతి వేళ్ళు ఇంకొక చేత్తో నొక్కుకుంటూ కూర్చుంది. ఆ వేళ్ళతో ఇంకొక్కసారి వాయించగలదో లేదో ఎవరికీ తెలియదు. వాయించలేకపోతే, ఆ తరువాత ఎప్పుడో మరో ఆదివారం ఉంటుందని అనుకోవడానికి మాకు ధైర్యం చాలలేదు.

అమ్మ ఉప్పు వేసిన వేడినీళ్ళు తెచ్చి ఆమె చేతులు అందులో పెట్టించింది. పెదనాయన తన నోటి మీద తనకే నమ్మకం లేక, లేచి వెళ్ళి వీధి మొగలో వ్యానులో అద్దాలు ఎక్కించుకొని కూర్చున్నాడు, ఆ ఎండలో. ఇంట్లో మిగిలినవాళ్ళకు అమ్మ తలా ఒక పాకం ఉండ ఇచ్చి, నోట్లో పెట్టుకోండి, కొరకొద్దు, నములొద్దు అని కూర్చోబెట్టింది. పెద్దమనుషులందరూ బుగ్గలు ఉబ్బించుకొని బుద్ధిగా కూర్చున్న ఆ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు ఆగదు.

ఈసారి అత్త సిగ్గుపడలేదు, భయపడనూ లేదు. వేళ్ళు అలిసి ఉన్నాయి కాబట్టి వాయిద్యం మెత్తగా వచ్చింది. గట్టిగా పలికే చోటు ముందే వాయించి చూపించమని అడిగి, దాన్ని బట్టి నాబు మునుపటికంటే బాగా పైకి పెట్టాను. టేపు పాత పాట మీదనే మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది. రెక్కలు విచ్చుకుంటూ, దగ్గరవుతూ, పాలు పొంగి అంచు దాకా వచ్చి దిగినట్టు, కోరుకున్నట్టే ఆడుతున్నాయి. కానీ ఒక సంగతి గమనించాను. తీగె పలికి ఆగిపోయిన చోట కన్ను పూర్తిగా విచ్చుకోవాలి కదా, విచ్చుకోవడంలేదు, ఏదో వణుకు. చెవి ఒగ్గితే అప్పుడు తెలిసింది, అత్త పెదవులు మూసుకొనే ఉన్నాయి, గొంతులో మాత్రం సన్నగా కూనిరాగం తీస్తోంది. చిన్నప్పటినుంచీ ఆమె పక్కనే పెరిగాను, ఎన్నడూ అది నా చెవిన పడలేదంటే నమ్మండి. నాబు కొంచెం దించితే అది బుసలో కలిసిపోతుంది, ఆమె కోరినట్టు వట్టి గిటారు మిగులుతుంది. అయితే నడుమ దించితే తేడా తెలిసిపోతుందని, నాబు మీద వేళ్ళు ఉంచి అట్లాగే ఉండిపోయాను. చివరి పాదానికి ముందు ఆమె చెయ్యి తీసి ఆగింది. తరువాత ముగించింది. పాకం ఉండలు నోట్లో కరిగిపోయి ఉన్నా ఒక్కరూ కిక్కురుమనలేదు.

గిటారు మంచం మీద పెట్టి, అత్త వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పెదనాయన చెమటలు కక్కుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. టేపు వెనక్కి తిప్పి వదిలాను. శుభ్రంగా వచ్చింది, ఒక్క చోట కూడా చీలలేదు, నేను గర్వంగా ఆమె ముఖం వైపు చూశాను. ఆమె ముఖం వాడిపోతూ ఉంది. రెండు పాదాలు విని, తల అడ్డంగా ఆడించి, ఎవరితోనూ కాకుండా, "ఆయన చెయ్యి గాదు ఇది, నాదే" అంది. ఇన్నేళ్ళూ తాను ఆయన వాయిద్యాన్నే నిలబెట్టుకుంటున్నానని అనుకుంది, బయటినుంచి వింటే అక్కడ ఆయన లేడు. ఇక ఆపేద్దామా అని నేను చెయ్యి చాచాను.

అప్పటికి చివరి పాదం ముందరి ఆగే చోటు వచ్చింది. తీగెలు ఆగాయి, కూనిరాగం ఒక్కటే మిగిలింది, గొంతు కిందినుంచి, కొంచెం బొంగురుగా. అత్త ఉలిక్కిపడి నిటారుగా కూర్చుంది. "ఎవురమ్మీ అది?" అంది. పెదనాయన, ఎవరేమిటి, నువ్వేనమ్మా అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. "నేను యాడ చేస్తాండా? ఆయనే గదన్నా ఇట్ల గొంతులో అనుకుంటాండేది. వాయిస్తే వాయించు, ఆ మూలుగుడేందని నేనే కసురుతాంటి." ఆమె ఏడ్వలేదు, నవ్వలేదు, కళ్ళు మాత్రం ఆ చక్రం మీదినుంచి తిప్పలేదు. ఆయన చేతిని పోగొట్టుకుందిగానీ ఆయన గొంతు ఎప్పుడు ఆమెలోకి వచ్చి చేరిందో, ఇన్నేళ్ళూ పొద్దుగూకే వేళకు అది ఆమెతో కూడా కూర్చుంటున్నదని ఆమెకే తెలియదు. మళ్ళీ వేయమంటుందేమోనని నేను చూశాను. అడగలేదు. చాలమ్మీ అని లేచి, దీపం బుడ్డి తుడవడానికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే యంత్రం వ్యాను ఎక్కింది. పై వారం ఆ టేపు మీద పెదనాయన ప్రసంగం ఎక్కించినప్పుడు నాబు దగ్గర కూర్చున్నది నేనే, ఆ కీర్తన మీద ఆయన గొంతు పరుచుకుంటుంటే చూస్తూ కూర్చున్నాను. అంతవరకూ నాకు పెద్దగా బాధలేదు, ఒక్కసారి వినాలన్నది, విన్నది కదా అనుకున్నాను. అత్త వేళ్ళు ఆ తరువాత కూడా కొంతకాలం ఆడాయి. పొద్దుగూకేవేళ గిటారు తీసుకొని కూర్చునేది. నేను ఇప్పుడు పనిగట్టుకొని చెవి ఒగ్గేదాన్ని. తీగె వినబడేది, ఆగే చోట ఆగేది, కానీ కూనిరాగం లేదు. తెలియక వచ్చినది తెలిసిన తరువాత రాలేదు. ఆమె కావాలని గొంతు సవరించుకొని ప్రయత్నించడం నేను తలుపు చాటునుంచి విన్నాను, అది ఆమె గొంతే, మరెవరిదీ కాదు. కొన్నాళ్ళకు ఆ కీర్తన వాయించడం మానేసి వేరేవి వాయించుకుంది. చాలా ఏళ్ళ తరువాత, మంచాన పడిన రోజుల్లో, నేను ఆమె వేళ్ళకు నూనె రాస్తుంటే ఒకే ఒక్కసారి ఆ మాట ఎత్తింది. "ఆ పొద్దు ఇనకపోయింటే ఇంగా ఉంటాండెనేమో అమ్మీ."

ఇప్పుడు పిల్లలకు టేపు అరువు తేవలసిన పని లేదు, మిల్లు ఆగేదాకా కాచుకోవలసిన పని లేదు, ఒక వేలితో చెరిపి ఒక వేలితో మళ్ళీ మొదలుపెట్టుకుంటారు, నచ్చినదాన్ని నూరుసార్లు వింటారు. మంచిదే, నేనేమీ అనను. మా అత్తకు ఆ వసతి ఉండి ఉంటే ఎంత బాగుండేదని ఒకరోజు అనిపిస్తుంది, ఆ ఒక్కసారి కూడా లేకుంటేనే బాగుండేదని ఇంకొకరోజు అనిపిస్తుంది. ఒక్కటి మాత్రం నిజం, ఈ మధ్య ఇళ్ళలో గిన్నె తోముతూనో బట్ట మడుస్తూనో తమకు తెలియకుండా కూనిరాగం తీసేవాళ్ళు నాకు కనబడటం లేదు, అందరి చెవుల్లోనూ ఏదో ఒకటి మోగుతూనే ఉంది. తొంభైకి దగ్గరపడిన నా గొంతులో ఏ పనివేళనైనా ఎవరైనా పలుకుతున్నారేమో నాకు తెలియదు. ఇంట్లోవాళ్ళను అడగబుద్ధి అవుతుంది. అడగను.